పాత కారుకు మారు కార్బ్యురేటర్: ఎంపిక వెనుక ఉన్న చరిత్ర - జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి నేపథ్యం

వ్యాససంగ్రహం:

పాత కారులో కార్బ్యురేటర్ చెడిపోయినప్పుడు దాని స్థానంలో దేనిని అమర్చాలన్న ప్రశ్న పైకి సాంకేతికమైనదిగా కనిపిస్తుంది. అయితే యజమాని ముందున్న ప్రతి మార్గమూ భారతీయ మోటారు చరిత్రలోని ఒక్కొక్క దశ మిగిల్చినదే. దిగుమతుల కాలం, లైసెన్సుల కాలం, జపాన్ సహకార కాలం, ఉద్గార నియమాల కాలం - ఈ నాలుగింటి జాడలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వంటి పట్టణాల పాత వాహనాలను దృష్టిలో పెట్టుకొని, మారు కార్బ్యురేటర్‌ను ఎంపిక చేసుకోవడానికి అవసరమైన ప్రమాణాలను వివరిస్తుంది. మెకానిక్కుల వృత్తిభాషను నమోదు చేయవలసిన అవసరాన్ని గుర్తుచేస్తుంది.

కీలకపదాలు: కార్బ్యురేటర్, అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, మారుతి 800, వృత్తిపదజాలం, ఉద్గార నియమాలు, ఇథనాల్.

1. ప్రవేశిక:

వృత్తిపదాలను శాస్త్రీయంగా సేకరించిన ఘనత తెలుగుకు ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వెలువరించిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయానికి, 1971లో వచ్చిన రెండవ సంపుటం చేనేతకు సంబంధించినవి. నాగలి, మగ్గం తెలుగువారి జీవనాధారాలు కనుక ఆ వరుస సహజమైనదే. కానీ అదే కాలంలో మన పట్టణాల రోడ్ల పక్కన మరొక వృత్తి వేళ్లూనుకుంటోంది. అది మోటారు మెకానిక్ వృత్తి. ఆ వృత్తికి కేంద్రమైన పరికరాల్లో కార్బ్యురేటర్ ఒకటి. నేటి కొత్త కార్లలో అది లేదు. అది ఉన్న కార్లు తగ్గుతున్నాయి. దానిని చెవితో విని సరిచేయగలవారూ తగ్గుతున్నారు. కాబట్టి దీనిని గురించి ఇప్పుడు రాయడం చరిత్ర రచన అవుతుంది. పాత కారును ఇంకా నడుపుకొంటున్నవారికి మాత్రం ఇది నేటి అవసరం కూడా.

2. మూడు పట్టణాలు - రైలు, రోడ్డు, మోటారు:

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ పూర్వపు వరంగల్ జిల్లాలోనివి. 2016 అక్టోబర్ 11న ఇవి వేరువేరు జిల్లాల కేంద్రాలయ్యాయి. మోటారు చరిత్ర దృష్టితో చూస్తే వీటి నేపథ్యాలు ఒకటి కావు. సికింద్రాబాద్ నుంచి బయలుదేరిన నిజాం రైలుమార్గం 1886లో వరంగల్ వరకు, 1889లో బెజవాడ వరకు చేరింది. ఆ దారిలో ఉన్న జనగామ, మహబూబాబాద్ పట్టణాలకు మోటారుకన్నా ముందే రైలు వచ్చింది. భూపాలపల్లికి ఆ మార్గం అందలేదు. సింగరేణి బొగ్గు గనులతో, చెల్పూరు వద్ద కాకతీయ థర్మల్ విద్యుత్కేంద్రంతో ఎదిగిన ఆ ప్రాంతంలో ప్రయాణికులకు రోడ్డే ఆధారం.

రోడ్డు రవాణా విషయంలో నిజాం రాజ్యం త్వరగానే మేల్కొంది. 1932లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో ప్రభుత్వ రోడ్డు రవాణా విభాగం ప్రారంభమైంది. బస్సులకు ప్రభుత్వ డిపోలు ఉండేవి. సొంత కార్లకు, జీపులకు అటువంటి వ్యవస్థ లేదు. ఆ లోటును తీర్చినవాడు రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకున్న మెకానిక్. అతని విద్య గురువు నుంచి శిష్యుడికి చేతిపనిగా సంక్రమించింది. తెలంగాణలో ఆ గురువును ‘ఉస్తాద్’ అని పిలవడం పరిపాటి. విడిభాగానికి మాత్రం సికింద్రాబాద్ రాణిగంజ్‌కు వెళ్లవలసి వచ్చేది. అక్కడ దొరకనిది మద్రాసు పుదుపేట నుంచో, ఢిల్లీ కశ్మీరీ గేట్ నుంచో రావలసి ఉండేది. భాగం దొరకడంలోని ఈ దూరమే ‘ఉన్నదానితో సరిపెట్టడం’ అనే పద్ధతిని పెంచింది. మారు కార్బ్యురేటర్ ఎంపికలో జరిగే పొరపాట్లలో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది.

3. కార్బ్యురేటర్ - పుట్టుక, పనితీరు:

పెట్రోలు ద్రవంగా మండదు. అది సూక్ష్మమైన తుంపరగా మారి గాలితో తగిన పాళ్లలో కలవాలి. బరువు ప్రకారం ఒక పాలు పెట్రోలుకు సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి. ఈ కలయికను సాధించేదే కార్బ్యురేటర్. 1893లో జర్మనీలో విల్‌హెల్మ్ మేబాక్, అదే సంవత్సరం హంగరీలో బాంకీ, చొంకాలు తుంపర పద్ధతి కార్బ్యురేటర్లను రూపొందించారు. గొట్టం మధ్యలో సన్నబడితే అక్కడ గాలి వేగం పెరిగి పీడనం తగ్గుతుంది. తగ్గిన ఆ పీడనమే పెట్రోలును జెట్ గుండా పైకి పీలుస్తుంది. ఇందులో విద్యుత్తు లేదు, కంప్యూటర్ లేదు. కొలిచి తొలిచిన రంధ్రాలే దాని బుద్ధి.

ఈ సూత్రాన్ని ఆచరణలో పెట్టడంలో రెండు సంప్రదాయాలు ఏర్పడ్డాయి. ఇంగ్లండులో స్కిన్నర్ సోదరుల పేరుతో వచ్చిన ఎస్.యు. కార్బ్యురేటర్‌లో గొంతు వెడల్పు మారుతూ ఉంటుంది. ఇంజన్ పీల్పును బట్టి లోపలి పిస్టన్ లేచి దిగుతుంది. దానికున్న వాలు సూది జెట్‌లో పెట్రోలు దారిని పెంచుతుంది లేదా తగ్గిస్తుంది. ఫ్రాన్సులో 1910లో మొదలైన సోలెక్స్ మార్గం వేరు. అందులో గొంతు వెడల్పు స్థిరం. నెమ్మదిగా తిరిగేటప్పుడు పైలట్ జెట్, వేగంలో మెయిన్ జెట్, ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు చిన్న పంపు పనిచేస్తాయి. మొదటిది పక్కనుంచి, రెండవది సాధారణంగా పైనుంచి కిందికి గాలిని పీలుస్తుంది. ఈ భేదం తరువాతి చర్చకు కీలకం.

4. లైసెన్సుల కాలం నుంచి మారుతి వరకు:

స్వాతంత్ర్యానంతరం పూర్తిగా తయారైన కార్ల దిగుమతిని ప్రభుత్వం అడ్డుకుంది. 1953 విధానం ప్రకారం దేశంలో తయారీ కార్యక్రమం ఉన్న సంస్థలకే అవకాశం దక్కింది. జనరల్ మోటార్స్, ఫోర్డు సంస్థలు వైదొలిగాయి. హిందుస్థాన్ మోటార్స్, ప్రీమియర్, స్టాండర్డ్ వంటి కొద్ది సంస్థలు మిగిలాయి. మారిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా అంబాసిడర్ అయింది. ఫియట్ 1100 కాలక్రమంలో ప్రీమియర్ పద్మినిగా పేరు మార్చుకుంది.

ఒకే నమూనా దశాబ్దాలపాటు మారకుండా కొనసాగడం కొనేవారికి విసుగు కలిగించి ఉండవచ్చు. మెకానిక్కు మాత్రం అది వరమైంది. తండ్రి నేర్చుకున్న కార్బ్యురేటర్‌నే కొడుకూ విప్పాడు. అంబాసిడర్ యజమానులకు ఎస్.యు., సోలెక్స్ రెండు పేర్లూ పరిచయమయ్యాయి. మహీంద్రా జీపుల్లో విల్లీస్ వారసత్వపు పెట్రోలు ఇంజన్లు నడిచాయి. వాటిలో కొన్నింటిలో తరువాత డీజిల్ ఇంజన్‌ను బిగించడంతో కార్బ్యురేటర్ ప్రసక్తే పోయింది. అంటే ‘మార్చడం’ అనేది ఒక్కోసారి మొత్తం ఇంజన్ దాకా వెళ్లింది.

1983 డిసెంబర్‌లో మారుతి 800 రాకతో ఈ స్థితి మారింది. 796 ఘనసెంటీమీటర్ల మూడు సిలిండర్ల ఇంజన్‌తో పాటు జపాన్ తరహా కార్బ్యురేటర్ వచ్చింది. సన్నని వ్యాక్యూమ్ గొట్టాలు, విద్యుత్తుతో పెట్రోలును ఆపే సోలెనాయిడ్ వంటివి దాని వెంట వచ్చాయి. 1985లో మద్రాసులో జపాన్ మికుని సహకారంతో యుకాల్ సంస్థ ఏర్పడింది. స్క్రూ తిప్పి చెవితో సరిచేసే పాత విద్యకు, గొట్టాల అమరికను పటం చూసి గుర్తించవలసిన కొత్త విద్యకు మధ్య అంతరం ఇక్కడ మొదలైంది. ఏ గొట్టం దేనిదో తెలియక దాని మూతి మూసివేసిన సందర్భాలు పాత మారుతి కార్లలో నేటికీ కనిపిస్తాయి.

5. చట్టం - కార్బ్యురేటర్ నిష్క్రమణ:

కార్బ్యురేటర్‌ను తప్పించినది దాని లోపం మాత్రమే కాదు, గాలి నాణ్యత కోసం వచ్చిన చట్టం కూడా. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాల్లోని 115వ నియమం పొగకు పరిమితి విధించింది. 1995 ఏప్రిల్ నుంచి నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు ఉత్ప్రేరక పరికరం తప్పనిసరి అయింది. 1999 ఏప్రిల్ 29న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశంతో దేశ రాజధాని ప్రాంతంలో యూరో ప్రమాణాలు ముందుగా అమలయ్యాయి. 2000లో తొలి దశ ప్రమాణాలు, 2005లో భారత్ స్టేజ్-2 దేశమంతటికీ విస్తరించాయి. ఉత్ప్రేరకం సరిగా పనిచేయాలంటే గాలి, పెట్రోలు పాళ్లు క్షణక్షణం కచ్చితంగా ఉండాలి. స్థిరమైన రంధ్రాలతో అది కష్టం. కనుక కంప్యూటర్ నియంత్రించే ఇంజెక్షన్ పద్ధతి వచ్చింది. 2020 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్-6తో ద్విచక్ర వాహనాల్లోనూ ఆ మార్పు దాదాపుగా పూర్తయింది. మారుతి 800, అంబాసిడర్ రెండింటి తయారీ 2014లో ముగిసింది.

పాత కారుకు చట్టం దారి మూసివేయలేదు. సొంత వాహనపు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ల తరువాత తనిఖీకి లోబడి ఐదేళ్లకొకసారి పునరుద్ధరణ పొందుతుంది. భారత్ స్టేజ్ ప్రమాణాలకు ముందు తయారైన నాలుగు చక్రాల పెట్రోలు వాహనం నెమ్మదిగా తిరిగేటప్పుడు వెలువడే పొగలో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం మించకూడదు. మారు కార్బ్యురేటర్ ఈ పరీక్షలో నెగ్గాలి.

6. మార్చే ముందు నిర్ధారణ - మెకానిక్ భాష:

మెకానిక్కుల మాటల్లో రోగనిర్ధారణ ఇమిడి ఉండటం గమనార్హం. “స్లో ఆగుతలేదు” అంటే ఇంజన్ నెమ్మదిగా తిరగలేక ఆగిపోతోందని అర్థం. అప్పుడు ముందుగా పైలట్ జెట్‌ను చూడాలి. “బండి గుంజుతలేదు” అంటే వేగంలో బలం చాలడం లేదు. అనుమానం మెయిన్ జెట్ మీదికి, పెట్రోలు పంపు మీదికి వెళుతుంది. “మిస్సవుతుంది” అంటే మంట ఆగి ఆగి అందుతోంది. స్పార్క్ ప్లగ్గు, పాయింట్లు ముందుగా చూడవలసినవి. “ఎయిర్ పట్టింది” అంటే కొలతలో లేని గాలి ఎక్కడినుంచో లోపలికి వస్తోంది. “కచ్రా అడ్డం పడింది” అంటే జెట్‌లో మలినం చేరింది. ‘గుంజు’ వంటి దేశ్యపదం, ‘కచ్రా’ వంటి ఉర్దూ వ్యవహారపు మాట, ‘స్లో’ వంటి ఆంగ్లపదం ఒకే వ్యాకరణంలో ఒదిగి కచ్చితమైన సాంకేతికార్థాన్ని ఇస్తున్నాయి. ఇది భాషాశాస్త్ర పరిశోధకులకు విలువైన సామగ్రి.

ఈ నిర్ధారణను విస్మరిస్తే ఏమవుతుందో మా ఇంటి అనుభవం ఒకటి చెబుతుంది. మహబూబాబాద్‌లో ఉన్న రోజుల్లో మా నాన్నగారి ప్రీమియర్ పద్మిని స్లోలో ఆగిపోతూ ఉండేది. ఒక వర్క్‌షాపులో కార్బ్యురేటర్ పోయిందని చెప్పి వేరే పెద్ద కారుది బిగించారు. మొదటివారం బాగానే ఉన్నట్లు అనిపించింది. తరువాత నల్లపొగ మొదలైంది, పెట్రోలు ఖర్చు పెరిగింది, స్లోలో ఆగిపోవడం మాత్రం అలాగే ఉంది. చివరకు ఒక ముసలి ఉస్తాద్ మానిఫోల్డ్ అతుకు వద్ద కొద్దిగా పెట్రోలు చుక్కలు వేసి, ఇంజన్ శబ్దంలో వచ్చిన మార్పును విని, ప్యాకింగ్ పోయిందని తేల్చాడు. చల్లని ఇంజన్ మీద, ఆరుబయట, చేతిలో తడిగుడ్డతో చేసినా అది ప్రమాదకరమైన పద్ధతే. అనుసరించదగినది ఆ పద్ధతి కాదు, ఆ క్రమం: ముందు కారణం, తరువాత భాగం. అయితే అప్పటికే పాత కార్బ్యురేటర్ తుక్కులోకి వెళ్లిపోయింది. దానిని మళ్లీ సంపాదించలేకపోయాము. ఆ కారును ఆ తరువాత ఎక్కువకాలం ఉంచుకోలేదు. పాత భాగాన్ని పారవేయకూడదన్న సూత్రాన్ని నేను నేర్చుకున్నది అక్కడే.

7. ఎంపిక మార్గాలు:

7.1. ఉన్నదానిని బాగుచేయడం: ఇది మొదటి మార్గం. జెట్లు శుభ్రపరచి, ప్యాకింగులు, ఫ్లోట్ నీడిల్ మార్చితే చాలా సందర్భాల్లో సరిపోతుంది. ప్యాకింగ్ మందం మారితే ఫ్లోట్ మట్టం మారుతుందని గుర్తుంచుకోవాలి. జెట్‌ను తీగతో పొడవకూడదు, రంధ్రం పెద్దదవుతుంది. థ్రాటిల్ కడ్డీ అరిగి ఊగుతుంటే అక్కడినుంచి గాలి చొరబడుతుంది. దానికి కొత్త బుష్ వేయించవచ్చు. బాడీ పగిలినా, అడుగుతలం వంకరపోయి సమం చేయడానికి వీలుకాకపోయినా మాత్రమే మార్పిడి అవసరం.

7.2. అదే రకాన్ని వెదకడం: కారు పేరు చెబితే సరిపోదు. అంబాసిడర్ అన్న ఒకే పేరు కింద 1489 ఘనసెంటీమీటర్ల పాత ఇంజన్ ఉంది, 1990లలో వచ్చిన 1817 ఘనసెంటీమీటర్ల ఇసుజు ఇంజనూ ఉంది. కాబట్టి ఇంజన్ రకాన్ని, కార్బ్యురేటర్ మీద ముద్రించిన గుర్తును, జెట్ల అంకెలను రాసుకొని దుకాణానికి వెళ్లాలి. సోలెక్స్ జెట్ మీద 120 అని ఉంటే రంధ్రం 1.20 మిల్లీమీటర్లని అర్థం. పాతదానిని వెంట తీసుకువెళ్లి బోల్టుల మధ్య దూరం, గొంతు వ్యాసం పోల్చుకోవడం ఉత్తమం. స్కేలు ఆనించి అడుగుతలం చదునుగా ఉందో లేదో, కడ్డీ ఊగుతోందో లేదో అక్కడే చూడాలి. కంపెనీ పేరున్న పెట్టెకన్నా ఈ పరీక్షలు నమ్మదగినవి.

7.3. వేరే రకాన్ని అమర్చడం: ఇక్కడ ఇంజన్‌కు కావలసిన గాలి లెక్క ముఖ్యం. నాలుగు స్ట్రోకుల ఇంజన్ రెండు చుట్లకు ఒకసారి తన పరిమాణమంత గాలిని పీలుస్తుంది. నిండుదల 80 శాతం అనుకుంటే, 1489 ఘనసెంటీమీటర్ల అంబాసిడర్ ఇంజన్‌కు నిమిషానికి 4500 చుట్ల వద్ద సుమారు 2680 లీటర్ల గాలి కావాలి. 1089 ఘనసెంటీమీటర్ల పద్మినికి 5000 చుట్ల వద్ద సుమారు 2180 లీటర్లు, మారుతి 800కు 5500 చుట్ల వద్ద సుమారు 1750 లీటర్లు కావాలి. పెద్ద గొంతు గల కార్బ్యురేటర్‌ను చిన్న ఇంజన్‌కు బిగిస్తే నెమ్మదిగా వెళ్లేటప్పుడు గాలి వేగం చాలదు, పెట్రోలు తుంపరగా మారదు. చిన్నదానిని పెద్ద ఇంజన్‌కు బిగిస్తే వేగంలో ఊపిరాడదు. పెద్దది మంచిదన్న నమ్మకం తప్పు.

పక్కనుంచి పీల్చే ఎస్.యు. స్థానంలో పైనుంచి పీల్చే సోలెక్స్ పెట్టాలంటే మానిఫోల్డ్ కూడా మారాలి. యాక్సిలరేటర్ కడ్డీల అమరిక, చోక్ తీగ, డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే వ్యాక్యూమ్ గొట్టం, బానెట్ కింద ఎయిర్ ఫిల్టర్‌కు చోటు - ఇవన్నీ కుదరాలి. పెట్రోలు పంపు పీడనం కొత్త ఫ్లోట్ నీడిల్ తట్టుకోగలిగేదై ఉండాలి. లేకుంటే పెట్రోలు పొంగి వేడి ఇంజన్ మీద పడే ప్రమాదం ఉంది. యాక్సిలరేటర్ వదలగానే థ్రాటిల్ తనంతట తాను మూసుకోవడం ప్రాణరక్షణకు సంబంధించిన విషయం.

7.4. స్థానిక పరిస్థితులు: కార్బ్యురేటర్‌కు, మానిఫోల్డ్‌కు మధ్య ఉండే వేడినిరోధక దిమ్మను అనవసరమని తీసివేయకూడదు. మన వేసవిలో అది లేకపోతే గిన్నెలోని పెట్రోలు మరిగి, ఆపిన బండి మళ్లీ కదలదు. గనుల ప్రాంతంలో ధూళి వల్ల ఎయిర్ ఫిల్టర్ త్వరగా పూడుకుపోతుంది. అప్పుడు మిశ్రమంలో పెట్రోలు పాలు పెరుగుతుంది. దానిని కార్బ్యురేటర్ దోషంగా భావించి స్క్రూలు తిప్పడం భూపాలపల్లి వంటి చోట్ల తేలికగా జరిగే పొరపాటు.

8. ఇథనాల్ - కొత్త సమస్య:

2023 ఫిబ్రవరిలో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు దేశంలో ప్రవేశించింది. ఇథనాల్‌కు తొమ్మిది పాళ్ల గాలి చాలు. లెక్క ప్రకారం ఈ మిశ్రమానికి సుమారు 13.5 పాళ్ల గాలి కావాలి. ఇంజెక్షన్ కారులో కంప్యూటర్ ఈ తేడాను సరిచేసుకుంటుంది. స్థిరమైన జెట్ ఆ పని చేయలేదు. శుద్ధ పెట్రోలుకు కుదిర్చిన పాత కార్బ్యురేటర్‌లో సుమారు 8 శాతం పెట్రోలు కొరత ఏర్పడి ఇంజన్ వేడెక్కవచ్చు. 120 జెట్‌కు బదులు 125 వేస్తే రంధ్రపు వైశాల్యం సుమారు 8.5 శాతం పెరుగుతుంది. స్పార్క్ ప్లగ్గు రంగు, పొగ పరీక్ష చూసుకుంటూ ఇటువంటి చిన్న మార్పు చేయవచ్చు. ఇథనాల్ తేమను పీలుస్తుంది, పాత రబ్బరును మెత్తబరుస్తుంది. కాబట్టి గొట్టాలు, ప్యాకింగులు దానిని తట్టుకునే రకానివి కావాలి. నెలల తరబడి నిలిపే కారులో గిన్నెను ఖాళీ చేయడం మంచిది. నేడు మారు కార్బ్యురేటర్ ఎంచుకునేవారు తయారీనాటి పెట్రోలును కాక, ఇప్పటి పెట్రోలును దృష్టిలో పెట్టుకోవాలి.

9. ముగింపు:

1. మారు కార్బ్యురేటర్ ఎంపికలో పాతదానిని బాగుచేయడం మొదటిది, అదే రకాన్ని వెదకడం రెండవది, వేరే రకాన్ని అమర్చడం చివరిది కావాలి.

2. కారు పేరు, దుకాణదారు హామీ ప్రమాణాలు కావు. ఇంజన్ గాలి అవసరం, గొంతు వ్యాసం, బోల్టుల దూరం, జెట్ అంకెలు, పొగ పరీక్ష ప్రమాణాలు.

3. ‘ఉన్నదానితో సరిపెట్టడం’ మెకానిక్ అజ్ఞానం వల్ల పుట్టింది కాదు. లైసెన్సుల కాలపు కొరత, విడిభాగం దూరంగా ఉండటం దానికి కారణాలు. దానిని నిందించేముందు ఆ చరిత్రను గుర్తించాలి.

4. పాత భాగాన్ని, దాని కొలతలను, చేసిన మార్పులను ఒక పుస్తకంలో రాసి ఉంచడం ప్రతి యజమానికీ అవసరం.

5. వ్యవసాయ, చేనేత పదాల మాదిరిగా మోటారు మెకానిక్కుల పదజాలాన్నీ జిల్లాలవారీగా సేకరించాలి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి కళాశాలల్లోని తెలుగు శాఖలు తమ విద్యార్థులతో ఈ పనిని ప్రారంభించవచ్చు. ఆ విద్యార్థుల్లో మెకానిక్కుల పిల్లలూ ఉంటారు. ఇంట్లో వినే మాట పరిశోధనకు అర్హమైనదని వారికి తెలియడం కూడా ఈ పనివల్ల కలిగే ప్రయోజనమే.

కార్బ్యురేటర్ ఉన్న చివరి కారు ఏదో ఒకనాడు తుక్కుకు వెళుతుంది. దానిని ఆపలేము. “గుంజుతలేదు” అన్న మాట విని ఏ జెట్ చూడాలో చెప్పగలిగిన జ్ఞానాన్ని మాత్రం దానితోపాటు పోనివ్వకుండా కాగితం మీదికి ఎక్కించడం మన చేతిలో ఉంది.